మనం లేకుండా ఇచ్చిన విడాకులు

ఏటా ఈ నివేదికలో పొదుపు ఎంత పెరిగింది, బ్యాంకు లింకేజీ ఎంత వచ్చింది, బకాయిలు ఎన్ని అన్న లెక్కలు మీరు చదువుతూనే ఉన్నారు. ఈసారి చరిత్ర పేజీల్లో ఒక కోర్టు సంగతి రాస్తున్నాం. దానికి కారణం ఉంది. గ్రామ సంఘం సమావేశంలో కిస్తీల గురించి మాట్లాడుతుండగా ఎవరో ఒక అక్క గొంతు తగ్గించి, "నాకు తెలియకుండానే విడాకులైపోయాయంట, అట్లా కూడా అవుతాయా?" అని అడుగుతుంది. అవుతాయి. ఆ తీర్పును ఎక్స్‌పార్టీ డిక్రీ అంటారు. అది ఎట్లా వస్తుంది, వచ్చిన దాన్ని ఆపడానికి చట్టంలో ఏమేమి కాపలాలు పెట్టారు, ఆ కాపలాలు ఎన్నేళ్ళకు ఒక్కొక్కటిగా ఆడవాళ్ళ గుమ్మం దాకా వచ్చాయి అన్నది ఇక్కడ చెప్పుకుందాం.

ముందు మాట అర్థం చేసుకుందాం. భర్త విడాకుల పిటిషన్ వేస్తాడు. భార్యకు సమన్లు పోతాయి. వాయిదా రోజు కోర్టు బంట్రోతు వరండాలోకి వచ్చి ఆమె పేరు మూడుసార్లు పిలుస్తాడు. పలికేవాళ్ళు ఉండరు. పిలిచాం, హాజరు కాలేదు, ఎక్స్‌పార్టీ అని రాసుకుంటారు. ఇంకో వాయిదాకు భర్త తన సాక్ష్యం తాను చెప్పుకుంటాడు. అడ్డు ప్రశ్న వేసేవాళ్ళు లేరు. డిక్రీ వస్తుంది. ఆ టైముకి ఆమె కూలికి పోయి ఉంటుంది, లేదా పుట్టింట్లో పిల్లాడికి అన్నం పెడుతూ ఉంటుంది.

అవతలి మనిషి లేకుండా తీర్పు ఏమిటి, అన్యాయం కదా అనిపిస్తుంది. కానీ రెండోవైపు కూడా చూడాలి. మన సంఘాల్లోనే భర్త వదిలేసి పోయి, ఎక్కడున్నాడో తెలియని వాళ్ళున్నారు. ఆ మనిషి వచ్చేదాకా కోర్టు ఆగితే ఈమె జన్మంతా ఆగాల్సిందే. ఎక్స్‌పార్టీ అన్న ఏర్పాటు లేకపోతే తప్పించుకు తిరిగేవాడిదే గెలుపు. కాబట్టి ఏర్పాటే తప్పని మేం అనం. మనిషి రాలేదంటే ఒప్పుకున్నట్టేనా, తెలియక రాలేదా, రాలేక రాలేదా అన్నది కోర్టు అడిగిందా లేదా అన్నదే అసలు సంగతి.

ఈ పద్ధతి 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఉంది. అందులో తొమ్మిదో ఆర్డరు హాజరు కానివాళ్ళ గురించి. ప్రతివాది రాకపోతే కేసు నడపొచ్చు అని చెప్పిన ఆ ఆర్డరే, మంచి కారణం చూపిస్తే మళ్ళీ లోపలికి రానివ్వమనీ, డిక్రీ అయిపోయినా సమన్లు సరిగా అందలేదనో, రాలేకపోవడానికి తగిన కారణం ఉందనో రుజువు చేస్తే ఆ డిక్రీని కొట్టేయమనీ చెప్పింది. 1955లో సుప్రీంకోర్టు ముందుకు రాజస్థాన్ నుంచి ఒక ఎన్నికల తగాదా వచ్చింది. ఒక వాయిదాకు రాలేదని ఆ మనిషిని తర్వాత వాయిదాలకు కూడా రానివ్వలేదు. జస్టిస్ వివియన్ బోస్ ఆ కేసులో చెప్పింది ఇప్పటికీ ప్లీడర్లు చదివి వినిపిస్తారు. ఎక్స్‌పార్టీ అన్నది శిక్ష కాదు. ఆ రోజు ఆ పక్షం లేదు అని అర్థం, అంతే. తర్వాతి వాయిదాకు వస్తే కేసు ఎక్కడిదాకా వచ్చిందో అక్కడ నుంచి పాల్గొనే హక్కు ఉంటుంది. ఆ తగాదా ఎన్నికలదే అయినా, ఆ మాట కాపురాల కేసులకూ పనికొచ్చింది.

అదే 1955లో హిందూ వివాహ చట్టం వచ్చింది. అంతకుముందు కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడు, 1949లో మద్రాసు ప్రభుత్వం రెండో పెళ్ళిని నిషేధించి, విడాకులకు దారి ఇస్తూ ఒక చట్టం చేసింది. చాలా కులాల్లో పెద్దమనుషుల ముందు తెగతెంపులు చేసుకునే ఆచారం అంతకన్నా పాతది. 1955 చట్టం కూడా ఆ ఆచారాన్ని కొట్టేయలేదు. పంచాయితీలో ఆడదానికి న్యాయం జరిగేదని మేం చెప్పడం లేదు. కానీ అక్కడ ఆమె రచ్చబండ దగ్గర కనబడేది. కోర్టులో మనిషి కనబడకుండానే పని అయిపోయే వీలు వచ్చింది.

దీన్ని 1955లో చట్టం రాసినవాళ్ళు ఊహించారనే అనుకోవాలి. ఎందుకంటే 23వ సెక్షన్‌లో ఒక చిన్న మాట పెట్టారు. ఎదుటి పక్షం వాదించినా, వాదించకపోయినా, విడాకులకు కారణం నిజంగా ఉందని జడ్జి తనంతట తాను నమ్మితేనే డిక్రీ ఇవ్వాలి. పిటిషన్ వేసినవాడు తన తప్పును తానే లాభంగా వాడుకోవడం లేదని కూడా చూడాలి. అప్పు దావాలో ప్రతివాది రాకపోతే పత్రం చూసి డిక్రీ ఇచ్చినట్టు, పెళ్ళి సంగతిలో ఇవ్వకూడదని దీని అర్థం. మా దృష్టిలో ఈ కథ మొత్తంలో ఇంతకన్నా విలువైన వాక్యం లేదు. దురదృష్టం ఏమిటంటే, ఒకరోజులో డజన్ల కొద్దీ కేసులు పిలిచే కోర్టులో అడ్డు ప్రశ్న లేని సాక్ష్యం సులువుగా నిలబడిపోతుంది. 1999లో ఒక ఆస్తి కేసులో సుప్రీంకోర్టు మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. ప్రతివాది జవాబు దాఖలు చేయకపోయినా కళ్ళు మూసుకుని డిక్రీ ఇవ్వకండి, కారణాలు రాయండి అని.

ఇక సమన్ల కాయితం ప్రయాణం. చరిత్ర అంటే రాజుల కథే కాదు, ఒక కాయితం ఎవరి చేతిలో పెట్టాలి అన్నది కూడా చరిత్రే. 1908 కోడ్ ప్రకారం ప్రతివాది ఇంట్లో దొరక్కపోతే, ఆ మనిషితో కలిసి ఉంటున్న కుటుంబంలోని పెద్దవాడైన మగవాడికి సమన్లు ఇవ్వొచ్చు. మగవాడికే. భార్య మీద కేసు అయితే, ఆమె ఇంట్లో లేనప్పుడు ఆ కాయితం ఆమె తల్లికి ఇవ్వడానికి లేదు, మామకు ఇవ్వొచ్చు. 1976లో కోడ్‌ను సవరించి, మగైనా ఆడైనా అని మార్చారు. 68 ఏళ్ళు పట్టింది. ఆ సవరణ తర్వాత కూడా ఒక చిక్కు మిగిలింది. గొడవపడి పుట్టింటికి వచ్చేసిన మనిషికి పిటిషన్‌లో అత్తగారింటి అడ్రస్ వేస్తే, కాయితం అక్కడికే పోతుంది. అక్కడ ఎవరో సంతకం పెడతారు. ఆ మనిషి 'ఆమెతో కలిసి ఉంటున్న' మనిషి కాదు, కాబట్టి ఆ సర్వీసు చెల్లదని తర్వాత వాదించొచ్చు. అయితే వాదించాలంటే ముందు ఆమెకు సంగతి తెలియాలి కదా.

తలుపు వేసి ఉంటే, లేదా తీసుకోనంటే, కోర్టు మనిషి ఆ కాపీని తలుపుకు అంటించి పోవచ్చు. అప్పుడు ఇల్లు చూపించింది ఎవరు, ఎవరి ఎదుట అంటించారు అన్నది పేర్లతో సహా రాసి కోర్టుకు ఇవ్వాలి. తర్వాత డిక్రీ మీద పోరాడేటప్పుడు ఆ పేర్లే పట్టు దొరికే చోటు. మామూలు దారుల్లో అందించడం కుదరదని కోర్టు నమ్మితే పేపర్లో ప్రకటన వేయమంటుంది. ఆ పేపరు కూడా ఆమె చివరగా ఉన్న ప్రాంతంలో తిరిగే దినపత్రిక అయి ఉండాలని 1976 సవరణలోనే చేర్చారు. 2002 నుంచి స్పీడ్‌పోస్టు, కొరియర్ కూడా వచ్చాయి.

ఇక్కడ ఒక మాట నిష్ఠూరంగానైనా చెప్పాలి. కవరు తీసుకోకపోతే కేసు ఆగిపోతుందన్న నమ్మకం మన ఊళ్ళలో గట్టిగా ఉంది. పోస్ట్‌మన్‌ని తిప్పి పంపితే గెలిచినట్టు అనుకుంటాం. చట్టం దాన్ని వేరుగా చూస్తుంది. తీసుకోనన్నారు అని కవరు మీద రాసుకుని తిరిగి వెళితే, అందినట్టే లెక్క కట్టొచ్చు. 1976 సవరణ ఇంకా ఒక మెలిక పెట్టింది. సమన్లు అందించడంలో చిన్న లోపం ఉన్నా సరే, వాయిదా తేదీ మీకు తెలుసు, రావడానికి తగినంత టైమూ ఉంది అని కోర్టు నమ్మితే, ఆ లోపం ఒక్కటే చూపించి డిక్రీ కొట్టేయించుకోవడం కుదరదు.

అదే ఏడాది పెళ్ళి చట్టమూ మారింది. పరస్పర అంగీకారంతో విడాకులు వచ్చాయి. వదిలేసి పోవడం విడాకులకు కారణమైంది. మనవాళ్ళను ఎక్కువగా ఇరికించేది మాత్రం ఇంకోటి, కాపురానికి రమ్మని అడిగే పిటిషన్. చట్టంలో 9వ సెక్షన్. ఈ నోటీసు వచ్చినప్పుడు చాలామంది, రమ్మంటున్నాడు అంతే కదా, పోకపోతే ఏం చేస్తారు అని పక్కన పెట్టేస్తారు. ఎవరూ రాకపోతే ఎక్స్‌పార్టీగా డిక్రీ వస్తుంది. ఆ డిక్రీ తర్వాత ఏడాదిపాటు కాపురం కలవకపోతే, ఆ కారణం మీదే విడాకులు అడగొచ్చు. ముందు ఈ గడువు రెండేళ్ళు ఉండేది, 1976లో ఒక ఏడాదికి తగ్గించారు. పైకి పిలుపులాగా కనబడే కాయితం లోపల సాగనంపే కాయితం అన్నమాట. 1983లో కడప సబ్ కోర్టులో మొదలైన ఒక కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు జస్టిస్ పి.ఎ. చౌదరి, ఇష్టం లేని కాపురానికి కోర్టు బలవంతం చేయడం రాజ్యాంగానికి విరుద్ధమని ఈ సెక్షన్‌నే కొట్టేశారు. ఏడాది తిరిగేసరికి 1984లో సుప్రీంకోర్టు వేరే కేసులో ఆ సెక్షన్ చెల్లుతుందని తేల్చింది. ఇప్పటికీ అమల్లో ఉంది.

ఇప్పుడు తిరుపతి సంగతి. ఈ చరిత్రలో మన తెలుగు నేల పేరు నిలిచిపోయింది దీనితోనే. పేర్లు లా పుస్తకాల్లో ఉన్నాయి, మనకు వాటితో పని లేదు.

దీనికి ముందు పంజాబ్ నుంచి ఒక కేసు వచ్చింది. జలంధర్‌లో 1955లో పెళ్ళి. భర్త 1959లో అమెరికా వెళ్ళాడు. భార్య 1965లో తనకూ పిల్లలకూ భరణం కావాలని ఇక్కడి కోర్టుకు వెళితే, మన పెళ్ళి 1964 డిసెంబర్‌లోనే రద్దయింది అని జవాబు వచ్చింది. నెవాడా అనే రాష్ట్రంలో తీసుకున్న డిక్రీ. అక్కడ ఆరు వారాలు ఉంటే చాలు, విడాకుల పిటిషన్ వేయొచ్చు. హైకోర్టు దాన్ని ఒప్పుకుంది. పెళ్ళైన ఆడదాని స్థిరనివాసం భర్త స్థిరనివాసమే అన్న పాత ఇంగ్లీషు సూత్రం పట్టుకుని, అతను నెవాడా వాడైతే ఆమె కూడా నెవాడా మనిషే అన్నట్టు లెక్క వేసింది. జలంధర్ దాటని ఆడమనిషి కాగితం మీద నెవాడా నివాసి అయిపోయింది! 1974లో సుప్రీంకోర్టు దాన్ని తోసేసింది. అతను విడాకుల కోసమే నెవాడాలో దిగి, పని కాగానే వెళ్ళిపోయాడు, అక్కడే ఉంటానని కోర్టును మోసం చేసి తెచ్చుకున్న డిక్రీ ఇక్కడ చెల్లదు అని చెప్పింది.

తిరుపతి కేసు ఇంకా ముందుకు పోయింది. 1975 ఫిబ్రవరి 27న తిరుపతిలో పెళ్ళయింది. 1978 జూలైలో విడిపోయారు. ఇద్దరూ చివరిసారి కలిసి ఉన్నది అమెరికాలో న్యూ ఆర్లీన్స్‌లో. కానీ భర్త విడాకుల పిటిషన్ వేసింది మిస్సోరీ రాష్ట్రంలోని సెయింట్ లూయిస్ కౌంటీ కోర్టులో. అక్కడ 90 రోజుల నివాసం చాలు. తిరుపతి నుంచి భార్య ఊరుకోలేదు. మీ కోర్టుకు ఈ కేసు వినే అధికారం లేదు, నేను దానికి లోబడడం లేదు, ఆ అభ్యంతరంతోనే ఈ జవాబు అని రాసి పంపింది. అంతదూరం పోయి నిలబడలేకపోయింది. 1980 ఫిబ్రవరి 19న ఆమె లేకుండానే డిక్రీ వచ్చింది. కారణం ఏమిటంటే, కాపురం ఇక అతకనంతగా విరిగిపోయింది అని. ఆ కారణం మన హిందూ వివాహ చట్టంలో లేదు. తిరుపతి సబ్ కోర్టులో కూడా అతనిది ఒక విడాకుల పిటిషన్ ఉంది. అమెరికా డిక్రీ చేతిలో ఉంది కాబట్టి అది ఇక అక్కర్లేదన్నాడు. 1981 నవంబర్ 2న యాదగిరిగుట్టలో ఇంకో పెళ్ళి చేసుకున్నాడు.

ఆమె రెండో పెళ్ళి నేరం కింద కేసు పెట్టింది. మేజిస్ట్రేట్ అమెరికా డిక్రీ ఫొటోస్టాట్ కాపీ చూసి వాళ్ళను వదిలేశారు. ఫొటోస్టాట్ కాపీ సాక్ష్యానికి పనికిరాదని హైకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది. సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది భర్త. 1991 జూలై 9న వచ్చిన తీర్పు రాసింది జస్టిస్ పి.బి. సావంత్. ఒక జిరాక్స్ కాపీ చెల్లుతుందా లేదా అన్న దగ్గర ఆగిపోయినా ఆ కేసు ముగిసేది. ఆయన ఆగలేదు. విదేశీ డిక్రీలు పట్టుకొచ్చి ఇక్కడి భార్యలను వదిలేసే తీరు మీద ఒక నియమమే పెట్టారు. పెళ్ళి ఏ చట్టం కింద జరిగిందో, విడాకులూ ఆ చట్టం ఒప్పుకునే కోర్టులో, ఆ చట్టం ఒప్పుకునే కారణం మీదే ఇవ్వాలి. దీనికి మినహాయింపులు మూడు చోట్లే. ఎదుటి మనిషి శాశ్వతంగా ఉంటున్న చోటే కేసు వేసి, మన చట్టంలో ఉన్న కారణం మీదే విడాకులు ఇచ్చినప్పుడు ఒకటి. ఎదుటి మనిషి తనంతట తాను ఆ కోర్టుకు లోబడి, మన చట్టంలోని కారణం మీద నిజంగా వాదించినప్పుడు రెండోది. విడాకులకు ఒప్పుకున్నప్పుడు మూడోది. అభ్యంతరం చెబుతూ ఒక జవాబు రాసి పంపడం లోబడడం కిందికి రాదు.

ఆ తీర్పులో మాకు అన్నిటికన్నా నచ్చింది ఇంకో ముక్క. సమన్లు అందితే చాలదు అన్నారు. ఎదుటి మనిషి వచ్చి, నిలబడి, వాదించగలిగే స్థితిలో ఉండాలి. ఆమెకు ఆ స్తోమత లేకపోతే, దారి ఖర్చు, అక్కడ ఉండే ఖర్చు, కేసు ఖర్చు పిటిషన్ వేసినవాడి చేత పెట్టించాలి. విదేశీ కోర్టు ఆ సంగతి చూసుకోకుండా డిక్రీ ఇస్తే, సహజ న్యాయం తప్పినట్టే. కాయితం చేరడం వేరు, మనిషి చేరడం వేరు అని అంత స్పష్టంగా ఒప్పుకున్న తీర్పు అంతకుముందు మాకు కనబడలేదు. మేజిస్ట్రేట్ ఆ నేరం కేసును త్వరగా నడపాలని చెప్పి సుప్రీంకోర్టు భర్త అప్పీలు కొట్టేసింది. పెళ్ళి జరిగి అప్పటికి 16 ఏళ్ళు.

అమెరికా దాకా ఎందుకు, ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ వెళ్ళి వాయిదాకు నిలబడాలన్నా ఒకరోజు కూలి, బస్సు ఛార్జీ, తోడు ఒక మనిషి. అందుకే 24వ సెక్షన్ కింద కేసు నడుస్తుండగానే పోషణకూ, కేసు ఖర్చులకూ కోర్టును డబ్బు అడగొచ్చు. ఇది 1955 నుంచీ ఉంది. 2001 సవరణ, వీలైనంతవరకు నోటీసు అందిన 60 రోజుల్లో దీన్ని తేల్చమంది. కేసు ఎక్కడ వేయాలి అన్నది కూడా భర్త ఇష్టం కాదు. పెళ్ళి జరిగిన చోటు, ఇద్దరూ చివరగా కలిసి ఉన్న చోటు, ఎదుటి మనిషి ఉంటున్న చోటు, వీటిలో ఒకటి కావాలి. ఎదుటి మనిషి దేశంలో లేకపోయినా, ఏడేళ్ళుగా ఆచూకీ తెలియకపోయినా మాత్రమే తానున్న చోట వేయొచ్చు. భార్య తానున్న ఊళ్ళోనే పిటిషన్ వేసుకునే హక్కు మాత్రం 2003లో వచ్చింది. దూరపు కోర్టు నుంచి కేసును తన దగ్గరకు మార్చమని హైకోర్టునూ, వేరే రాష్ట్రమైతే సుప్రీంకోర్టునూ అడగొచ్చు. జబల్‌పూర్ నుంచి హైదరాబాద్‌కు మార్చమన్న ఒక కేసులో 2017 మార్చిలో సుప్రీంకోర్టు, మార్చడం ఎందుకు, వీడియోలో మాట్లాడుకోవచ్చు కదా అంది. ఆ అక్టోబర్‌లోనే ముగ్గురు జడ్జీలు 2-1తో ఆ తీర్పును పక్కన పెట్టారు. రాజీ ప్రయత్నం జరగాల్సింది ఎదురెదురుగా, అది కుదరకపోయాక ఇద్దరూ కోరితేనే వీడియో అన్నారు. వీడియో వల్ల బస్సు ఛార్జీ మిగిలే మాట నిజమే. కానీ ఫోన్ ఎవరి చేతిలో ఉందో, పక్కన ఎవరు నిలబడి ఉన్నారో జడ్జికి కనబడదు. ఆ ముగ్గురిలో ఎక్కువమంది వైపే మేం మొగ్గుతాం.

క్రైస్తవ అక్కచెల్లెళ్ళకు 1869 చట్టం వర్తిస్తుంది. దాని కింద జిల్లా జడ్జి ఇచ్చిన విడాకుల డిక్రీని హైకోర్టులో ముగ్గురు జడ్జీలు ఖాయం చేస్తేనే చెల్లేది. రెండుసార్లు చూడడం మంచిదే అనిపిస్తుంది గానీ, ఆ ఖాయం కోసం ఏళ్ళు గడిచేవి. 2001లో ఆ మెట్టు తీసేశారు. ముస్లిం అక్కచెల్లెళ్ళ సంగతిలో, భరణం కేసు వేస్తే ఎప్పుడో తలాక్ చెప్పేశాను అని జవాబులో రాయడం ఒక అలవాటుగా ఉండేది. అట్లా కోర్టు కాయితంలో రాసినంత మాత్రాన తలాక్ కాదని సుప్రీంకోర్టు 2002లో చెప్పింది. 2017లో మూడు తలాక్ పద్ధతినే కొట్టేసింది. 2019లో అది నేరమైంది.

తెలియకుండా డిక్రీ వచ్చేసి ఉంటే ఏమిటి అన్నదే అందరూ అడిగేది. దాన్ని కొట్టేయమని అదే కోర్టులో దరఖాస్తు వేయడానికి గడువు 30 రోజులు. సమన్లు సరిగా అందకపోతే ఆ 30 రోజులు డిక్రీ రోజు నుంచి కాదు, సంగతి తెలిసిన రోజు నుంచి లెక్క. అంటే ఎవరు చెప్పారు, ఏ రోజు చెప్పారు అన్నది పుస్తకంలో రాసి పెట్టుకోవాలి. గడువు దాటినా, ఆలస్యానికి నమ్మదగిన కారణం చూపి మన్నించమని కోరొచ్చు. ఈలోగా అతను పెళ్ళి చేసుకుంటే? 1966లో ఒక కేసులో హైకోర్టు విడాకులివ్వగానే భర్త ఇంకో పెళ్ళి చేసుకుని, ఇక ఆమె అప్పీలు వినడం దండగ అన్నాడు. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. అప్పీలు ఉందో లేదో కనుక్కోవాల్సింది నువ్వు, త్వరపడి పెళ్ళి చేసుకుని ఆమె అవకాశం తీసేయలేవు అని చెప్పి విడాకులు రద్దు చేసింది. హిందూ వివాహ చట్టం కింద అప్పీలు గడువు మొదట 30 రోజులే. దూరాభారాలకు అది చాలదని సుప్రీంకోర్టే అన్నాక 2003లో 90 రోజులు చేశారు. డిక్రీ కాపీ ఒకటి ఇద్దరికీ ఉచితంగా ఇవ్వాలని 1976 నుంచి చట్టంలోనే ఉంది. కాపీకి డబ్బులు కట్టమంటే ఈ మాట చెప్పండి.

డిక్రీ నిలబడిపోయినా భరణం పోదు. వదిలేసి వెళ్ళిందన్న కారణం మీద భర్త విడాకులు తీసుకున్నా, మళ్ళీ పెళ్ళి చేసుకోని ఆ భార్య తనను తాను పోషించుకోలేని స్థితిలో ఉంటే భరణం అడగొచ్చని సుప్రీంకోర్టు 2000లో తేల్చింది. పాత 125వ సెక్షన్ ఇప్పుడు 2024 జూలై 1 నుంచి కొత్త చట్టంలో 144వ సెక్షన్ అయింది. ప్లీడరు ఫీజు గురించి వెనకాడక్కర్లేదు. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్ళెవరికైనా, ఆదాయం ఎంత ఉన్నా, ఉచితంగా ప్లీడరును ఇవ్వాలి. జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. ఫోన్ నంబరు 15100.